మాల్టా రేవులో హాజరు

పోయిన వారం మనం ఆరోగ్యమ్మను గడప దగ్గర వదిలి వచ్చాం. ఆమె చేతిలో తెల్లని లేసు రుమాలు ఉంది. ఎదురుగా నాలుగేళ్ళ తర్వాత పాలెంలో అడుగుపెట్టిన ఏలియా ఉన్నాడు. "అన్న నీ కోసం కొన్నది వదినా" అని చెప్పి గడపలోనే నిలబడిపోయాడు.

అప్పటికి సంగతులు ఇవి. గురజాల క్వారీలో నాపరాళ్ళు కొట్టే ఆరోగ్యమ్మ భర్త జోసెఫ్, అతన్ని అన్నా అని పిలిచే స్నేహితుడు ఏలియా నలభై రెండులో కలిసి పటాలంలో చేరారు. అది తుపాకులు పట్టే పటాలం కాదు. రోడ్లు వేసి, రేవుల్లో మూటలు దించే పయినీరు దళం. నలభై నాలుగు మొదట్లో తాలూకా కచేరీ బంట్రోతు ఒక కాయితం తెచ్చాడు. ఓడ మీద బాంబులు పడి జోసెఫ్ చనిపోయాడని అందులో ఉంది. ఆరోగ్యమ్మ మెడలోని పుస్తె తీసి అత్త పాపమ్మ చేతికి ఇచ్చింది. రెండున్నరేళ్ళ తర్వాత ఆ అత్తే కోడలికి మళ్ళీ పెళ్ళి కుదిర్చింది. పెళ్ళికొడుకు దేవానందం పాలెం బడిలో పంతులు, క్రైస్తవ గుడిలో బోధించే ఉపదేశి. భార్య పోయినవాడు. గుడిలో మూడు ఆదివారాలు వరసగా పెళ్ళి చాటింపు వెయ్యాలి. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పాలి. రెండు చాటింపులకూ ఎవరూ లేవలేదు. మూడోది రేపు.

"గడపలో నిలబడి ఏంది? లోపలికి రా" అంది ఆరోగ్యమ్మ.

ఏలియా తల వంచుకుని లోపలికి వచ్చాడు. ఎడమ చెవి ఉండాల్సిన చోట ముడతపడిన తోలు ఉంది. ఎవరు మాట్లాడినా కుడి చెవిని వాళ్ళ వైపు తిప్పుతున్నాడు. పెరట్లో పాపమ్మ జొన్నలు చెరుగుతోంది. చేట చప్పుడు లోపలికి వినబడుతోంది.

ఆరోగ్యమ్మ రుమాలును మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "ఒక్కటే అడుగుతా, దాచకుండా చెప్పు. ఆయన పోయేటప్పుడు చానా బాధపడ్డాడా?"

ఏలియా ఆమె ఒళ్ళోని రుమాలు వైపు చూశాడు.

"నువ్వు పక్కనే ఉన్నావు గదా?"

"లేను వదినా."

"మరి ఎవరున్నారు?"

"మొదటి నుంచీ చెబుతా. మధ్యలో ఆపొద్దు. ఆపితే మళ్ళీ చెప్పలేను. గురజాల టేసన్లో దిగంగానే నీ పెళ్ళి సంగతి చెప్పారు. అది విన్నాక చెప్పక తప్పదు."

అతను చెప్పింది ఇది.

ఆరు వందల మందితో ఓడ ఐగుప్తు (ఈజిప్టు) నుంచి ఇటలీకి పోతోంది. దారిలో మాల్టా అనే దీవి దగ్గర నీళ్ళు ఎక్కించుకోవడానికి ఒక్క పూట ఆగింది. అయిదు రోజులుగా సముద్రం తప్ప ఏమీ చూడని జనం. ఊరు చూసి రమ్మని చీటీలు ఇచ్చారు. ఇద్దరేసి కలిసి తిరగాలి, అయిదింటికి చివరి పడవ ఎక్కాలి. రేవు నుంచి ఓడ దాకా చిన్న పడవల్లోనే రావాలి.

"ఊరి పేరు వలెట్టా అంట. ఎప్పుడో నాలుగు వందల ఏళ్ళ కిందట గుర్రాల మీద తిరిగే దొరలు కట్టించిందంట. ఊరు ఊరంతా రాయే వదినా. మట్టిగోడ ఒక్కటి లేదు. వీధులు కూడా మెట్లే. పసుపు కలిపిన మజ్జిగ రంగు రాయి. సగం ఇళ్ళు బాంబులకు కూలి ఉండాయి. కూలిన ఇళ్ళ మధ్యనే అంగళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. ఆడోళ్ళు నల్ల ముసుగులేసుకుని బుట్టలు పట్టుకుని పోతా ఉంటే మన తిరునాళ్ళే అనిపించింది."

జోసెఫ్ పది అడుగులకోసారి ఆగి గోడను తడిమాడు. చివరికి గోరుతో గీకి చూశాడు. గోరు దిగింది. 'ఒరే ఏలియా, ఇది రాయేనంటావా? జున్నుముక్క లాగుంది గదరా' అని నవ్వాడు. సందు చివర ఒకతను రంపం పెట్టి రాయిని కోస్తున్నాడు. చెక్కను కోసినట్టు పొడి రాలుతోంది. జోసెఫ్ నడుం మీద చేతులు పెట్టుకుని పావుగంట చూశాడు. ఉలి దించి, మేకులు కొట్టి, మంటతో కాల్చి బండను పగలగొట్టడమే అతనికి తెలుసు. రాయి ఇంత మెత్తగా లొంగుతుందని ఎవరైనా చెబితే నమ్మేవాడు కాదు. 'మా నాయన ఈ ఊళ్ళో పుట్టుంటే నడుం వంగకుండా పోయేవాడు' అన్నాడట.

ఆరోగ్యమ్మ ఒక్క క్షణం నవ్వింది. అది జోసెఫ్ మాటే. ఇంకెవరూ అట్లా అనరు.

"రుమాలు ఎక్కడ కొన్నాడు?"

"పెద్ద గుడి ముందర. ఒక ముసలామె తట్టలో సామాను పెట్టుకు కూర్చుంది. ఓడలోళ్ళు గుర్తుగా కొనుక్కుపోయే సరుకంట. తగరం సిలువలు, పౌలు పునీతుడి పతకాలు, ఈ లేసు రుమాళ్ళు. అన్న ఈ రుమాలు పట్టుకుని గురజాల సంతలో మాదిరే బేరం మొదలుపెట్టాడు, తెలుగులోనే. ఆమె వాళ్ళ భాషలో తిడతా ఉంది. అన్న రుమాలు పడేసి నాలుగడుగులు ముందుకు పోయాడు, వెనక్కి పిలుస్తదని. ఆమె పిలవలా. ఇంకో నాలుగడుగులేశాడు. పిలవలా. మళ్ళీ సిగ్గుపడతా తనే వచ్చి, అడిగినంత ఇచ్చి కొన్నాడు. ఆమె నవ్వి ఒక పతకం ఊరికే ఇచ్చింది. అది పాపమ్మ పెద్దమ్మకని దాచాడు అన్న."

"నువ్వేం కొన్నావు?"

"నేనా? నాకెవరున్నారు కొనడానికి? అన్న లోపలికి పోయి మొక్కుకున్నాడు. మా గుడి వేరు గదా, మేము బొమ్మలకు మొక్కం, అందుకని నేను మెట్ల మీదే కూర్చున్నా. బయటికొచ్చి, 'బాంబులు పడ్డ ఊళ్ళో కూడా నీకు పంతమేనంట్రా' అని ఎగతాళి చేశాడు."

పెరట్లో చేట చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

నాలుగు దాటాక ఇద్దరూ రేవుకు దిగుతున్నారు. దారిలో ఒక చిన్న గుడికి బాంబు తగిలి ముందరి కమాను పడిపోయింది. దాన్ని మళ్ళీ కడుతున్నారు. కట్టేది ఒక ముసలి మేస్త్రీ, ఇద్దరు ఆడవాళ్ళు. మగపిల్లలంతా యుద్ధంలో ఉన్నారు. రెండు వైపులా రాళ్ళు పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన బిగించాల్సిన రాయిని ఎత్తలేక అవస్థ పడుతున్నారు. కింద ఆనిచ్చిన కొయ్యలు కిర్రుమంటున్నాయి.

జోసెఫ్ ఆగాడు.

"పడవ పోతది, పద అని నేనన్నా. అన్నేమో, 'కొయ్యలు చూడు, ఇంకో గంట ఆగవురా, రాయి పడితే ఆ ముసలాడు కింద ఉంటాడు' అన్నాడు. చొక్కా విప్పి నా చేతికిచ్చాడు. రుమాలూ, పతకమూ కూడా నా జేబులో పెట్టాడు, రాతిపొడి పడుద్దని. 'నువ్వు పో, వెనకమాల పడవకు వస్తా. పేరు పిలిస్తే పలుకు' అన్నాడు."

ఆరోగ్యమ్మకు వేరే వివరం అక్కర్లేకపోయింది. క్వారీలో పనిచేసిన వాళ్ళ ఇళ్ళలో అందరికీ ఇది తెలిసిందే. పొద్దున మేస్త్రీ పేర్లు పిలిచేటప్పుడు రానివాడికి పక్కవాడు పలుకుతాడు. దాన్ని అబద్ధమని ఎవరూ అనుకోరు. వచ్చేవాడు దారిలో ఉంటాడు. అతనికోసం కాస్త ముందుగా పలికినట్టే లెక్క. ఆమె తండ్రి కోసం జోసెఫ్ పలికిన రోజులు ఎన్నో ఉన్నాయి.

"ఓడ మీద తెల్ల సార్జంటు కాయితం పట్టుకుని పేర్లు పిలిచాడు. మన పేర్లు వాడి నోట్లో పడి ముక్కలయ్యేవి. జోసెఫ్ అన్న పేరొక్కటే ఆడికి సుఖంగా వచ్చింది. గట్టిగా పిలిచాడు. నేను గొంతు మార్చి 'హాజర్ సాబ్' అన్నా."

"తర్వాత?"

"వెనకమాల పడవ లేదు వదినా. మేమెక్కిందే చివరిది. నాకు తెలియదు."

ఏలియా లేని చెవి చోటు తడుముకున్నాడు.

"రెండో రోజు ఇమానాలొచ్చాయి. నా చెవి అప్పుడే పోయింది. నీళ్ళలోంచి తీసి ఆసుపత్రిలో వేశారు. తేలినోళ్ళ పేర్లు రాసుకున్నారు. కాయితంలో హాజరున్నోళ్ళలో తేలనోళ్ళందరినీ చచ్చిపోయినట్టు రాశారు. అన్న పేరు అందులో కలిసింది. అన్న ఓడే ఎక్కలా. నేను పలకబట్టి చచ్చిపోయాడు."

ఆరోగ్యమ్మ లేచింది. మళ్ళీ కూర్చుంది. సంతోషం వస్తుందేమోనని ఆమె ఎదురు చూసింది. రాలేదు.

"నువ్వు అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"అన్నను చచ్చినోళ్ళలో రాశారని ఆసుపత్రిలో కళ్ళు తెరిచిన మూడో వారానికి తెలిసింది నాకు. చెబితే అన్న పారిపోయినోడు అవుతాడు, నేను దొంగ హాజరు పలికినోడిని. యుద్ధంలో ఆ రెండింటికీ కాల్చేస్తారని మాకు రోజూ చెప్పేవాళ్ళు. చచ్చినోడి పెళ్ళానికి మర్యాదన్నా ఉంటదనుకున్నా. నాకు రాయడం రాదు, రాయించాలంటే ఇంకొకడికి చెప్పాల. ఎవరికి చెప్పను?"

"మర్యాద" అంది ఆరోగ్యమ్మ. "ఆ మర్యాద ఎట్టాంటిదో నీకేం తెలుసు? రెండున్నరేళ్ళు చచ్చినోళ్ళ ఆత్మల పండక్కి ఆయన పేరు మీద కొవ్వొత్తి పెట్టా. బతికున్న మనిషికి కొవ్వొత్తి పెట్టించావు నాతో."

"తప్పే వదినా."

"తప్పంటే అయిపోద్దా? రేపు గుడిలో లేచి నిలబడి చెబుతావా?"

"నువ్వు చెప్పమంటే చెబుతా. వేరే గుడి వాణ్ణని గెంటేసినా చెబుతా."

"చెబితే ఏమవుద్ది? ఆయన్ను పట్టుకునే దానికి కబురు పోద్ది. నిన్ను కచేరీకి ఈడుస్తారు. నేను అటు పెళ్ళాన్నీ కాదు, ఇటు ముండమోపినీ కాదు. చెప్పకపోతే ఏమవుద్ది? మొగుడు బతికుండగా ఇంకోడి చెయ్యి పట్టుకుంటా, దేవుడి ముందర. నన్నేం చెయ్యమంటావు ఏలియా?"

  ఆమె ముందున్న రెండు దారుల్లో ఏది నడిచినా ఒకరి ప్రాణమో, తన ఆత్మో పోవాల్సిందే.

"ఇంకోటుంది" అంది ఆమె మెల్లగా. "యుద్ధం అయిపోయి ఏడాది దాటింది. బతికుంటే ఒక్క ఉత్తరం ముక్క రాయడా? మనలో చదువుకుంది ఆయనొక్కడే గదా, నాలుగో తరగతి దాకా. రాయలేదంటే ఆడ కూడా చచ్చిపోయి ఉండాల. లేదా నేనే ఆయనకు చచ్చిపోయి ఉండాల."

పెరట్లో చేట నేల మీద పడిన చప్పుడు వినిపించింది.

పాపమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళ నిండా జొన్న పొట్టు ఉంది.

"రాశాడమ్మా" అంది.

ఆరోగ్యమ్మ తలెత్తింది.

"రాశాడు. పాస్కా పండగకు ముందర, తపస్సు కాలంలో వచ్చింది. నువ్వు మిరపకాయ కోతకు పోయావు. గుడి చిరునామాకు వచ్చిందని దేవానందం తీసుకొచ్చి, తలుపేసి చదివాడు."

ఏలియా కుడి చెవిని ఆమె వైపు తిప్పాడు. సరిగా విన్నానో లేదోనని అతని మొహంలో భయం కనిపించింది.

"ఏం రాశాడు?" ఆరోగ్యమ్మ గొంతు పెరగలేదు.

"బతికున్నానన్నాడు. ఆ ముసలి మేస్త్రీ ఇంట్లోనే ఉండి పనిచేసుకుంటున్నాడంట. వస్తే పటాలమోళ్ళు పట్టుకుంటారు, ఇక రాననుకోమ్మా అన్నాడు. ఎదురు చూడొద్దన్నాడు. దేవానందం చదివింది అంతే. ఈ కాయితం ఇంట్లో ఉంటే ఎవడన్నా చూసి కచేరీలో చెబుతాడు, మీ అబ్బాయి మెడకు ఉరి పడుద్ది అన్నాడు. నా పొయ్యిలోనే వేశాడు. ఇది మనిద్దరి మధ్యనే ఉండాల అన్నాడు. నేను సరేనన్నా."

"నాకెందుకు చెప్పలేదు అత్తా?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా? ఏడిస్తే పాలెమంతా వింటది."

"మరి నాకు పెళ్ళెందుకు పెట్టావు?"

పాపమ్మ చెంపల మీద పొట్టుతో కలిసి నీళ్ళు జారాయి. ఆమె తుడుచుకోలేదు.

"పాస్కా పండగ దాటినాక ఆయనే వచ్చి అడిగాడు, ఆరోగ్యాన్ని నాకు చేస్తావా పాపమ్మా అని. బెదిరించలేదమ్మా, ఆ మాట అబద్ధం చెప్పను. మెత్తగానే అడిగాడు. కానీ నా కొడుకు మెడ ఆయన చేతిలో ఉంది గదా. ఏ నోటితో కాదంటా?"

"నీ కొడుకు మెడ కోసం నా మెడ ఇచ్చావా?"

"ఇచ్చా" అంది పాపమ్మ. "కన్నదాన్ని. ఇంకేం చేస్తా."

చదువు రాని ఇంటికి వచ్చిన ఉత్తరం ముందు చదివిపెట్టినవాడిది అవుతుంది, తర్వాతే ఆ ఇంటిది. ఆరోగ్యమ్మకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఆమెకు ఆ క్షణాన ఒంటితో తెలిసింది. ఎనిమిది నెలలుగా దేవానందం గుడిలో తన పక్క నుంచి నడిచి వెళ్ళాడు. 'ఒంట్లో బాగుందా ఆరోగ్యం' అని పలకరించాడు. జ్వరం వస్తే గోళీలు తెచ్చి ఇచ్చాడు. రెండు చాటింపులూ తన నోటితోనే చదివాడు. ఆ రోజుల్లో ప్రతిదీ, ఆమె భర్త బతికే ఉన్నాడని తెలిసిన రోజే.

ఆమె చెంగు నడుముకు దోపుకుని బయటికి నడిచింది.

"ఏమే, యాడికే?" పాపమ్మ వెనకనుంచి కేక వేసింది. "ఆయన్ను రెచ్చగొట్టబాకే. నీ కాళ్ళు పట్టుకుంటా!"

ఏలియా ఆమె వెనకే వెళ్ళాడు. పొద్దు ఇంకా నాపరాళ్ళ గోడల మీదే ఉంది. గడపల్లో కూర్చున్న ఆడవాళ్ళు పెళ్ళికూతుర్ని చూసి ఏదో సరసమాడబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నారు.

గుడిలో దేవానందం రేపటి పూజకు చాపలు పరుస్తున్నాడు. నలభై ఏళ్ళు దాటిన మనిషి, సన్నగా ఉంటాడు. అంచులు సరిచేసుకుంటూ, ఒక చాప పక్కన ఇంకో చాప పెడుతున్నాడు. అడుగుల చప్పుడు విని తలెత్తాడు. ముందు ఆరోగ్యమ్మను చూశాడు. ఆమె వెనక ఏలియాను, అతనికి లేని చెవిని చూశాడు. చేతిలో చాప అట్లాగే ఉండిపోయింది.

"ఎప్పుడొచ్చావు ఏలియా?" అన్నాడు.

"పొద్దునండీ."

"అయితే చెప్పావన్నమాట."

"ఏలియా చెప్పింది వేరు, అత్త చెప్పింది వేరు" అంది ఆరోగ్యమ్మ. "ఇప్పుడు మీరు చెప్పండి ఉపదేశిగారూ. ఆ ఉత్తరంలో మా అత్తకు ఏం చదివారు?"

"ఉన్నదే చదివాను."

"ఒట్టు?"

దేవానందం పీఠం వైపు చూశాడు. ఒట్టు పెట్టలేదు. చాపను మెల్లగా కింద పెట్టి, దాని మీద కాక వట్టి బండ మీద కూర్చున్నాడు.

"చదివిందాంట్లో అబద్ధం లేదు ఆరోగ్యం. మీ అత్త పొయ్యిలో నేను వేసింది మొదటి కాయితం. అది అమ్మకు రాసింది."

ఆరోగ్యమ్మ అతని దగ్గరికి ఒక అడుగు వేసింది.

"రెండోది నీకు రాసింది. అది ఆ రోజు చదవలేదు. కాల్చడానికి చెయ్యి రాలేదు. ఇవ్వడానికీ రాలేదు. ఎనిమిది నెలలుగా నా దగ్గరే ఉంది."

అతను జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాయితం తీశాడు. మడతల దగ్గర చిరుగులు పడ్డాయి. దాన్ని ఎన్నిసార్లు విప్పి ఉంటాడో తెలుస్తూనే ఉంది. ఆమె చెయ్యి చాచింది. అతను ఇచ్చాడు. ఆమె విప్పి చూసింది. నీలం గీతలు, వంకరలు, సున్నాలు. జోసెఫ్ చేతి గీతలే అవి, కానీ ఒక్కటీ ఆమెతో మాట్లాడలేదు. ఏలియా వైపు తిరిగింది. అతను తల అడ్డంగా ఊపి కళ్ళు దించుకున్నాడు. తెల్లవారితే చాటింపు. ఈలోగా పాలెంలో అక్షరం వచ్చినవాడు ఒక్కడే, ఆమె ఎదురుగా బండ మీద కూర్చున్నవాడు.

దేవానందం కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"చదవమంటావా?" అన్నాడు.